‘పుల్ అప్’ వినిపించినప్పుడు: అప్రోచ్‌లో భూసామీప్య హెచ్చరికకు పైలట్ స్పందించవలసిన తీరు

1995 డిసెంబరు 20 రాత్రి కొలంబియాలోని కాలి నగరానికి దిగుతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 విమానం దారి తప్పి కొండల మధ్యకు చేరింది. కొండను ఢీకొనడానికి సుమారు 12 సెకన్ల ముందు కాక్‌పిట్‌లో ‘టెరైన్’, ‘పుల్ అప్’ అన్న హెచ్చరికలు మోగాయి. పైలట్లు తాత్సారం చేయలేదు. ఆటోపైలట్ తీసేసి, ఇంజన్లకు పూర్తి శక్తినిచ్చి, విమానం ముక్కును పైకెత్తారు. అయితే అంతకుముందు వేగంగా దిగడం కోసం తెరిచిన స్పీడ్ బ్రేకులు (గాలిని అడ్డగించే పలకలు) రెక్కల మీద చివరిదాకా అలాగే నిలిచి ఉన్నాయి. వాటిని మూసి ఉంటే ఆ బోయింగ్ 757 శిఖరాన్ని దాటి ఉండే అవకాశం ఉందని దర్యాప్తు సందర్భంగా జరిగిన విశ్లేషణలు తేల్చాయి. విమానంలోని 163 మందిలో బతికినవారు నలుగురే.

అంత తక్కువ వ్యవధిలో మనిషి కొత్తగా ఆలోచించి చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఈ విషయంలో ఆలోచించవలసినదంతా హెచ్చరిక మోగకముందే ఆలోచించి పెట్టుకోవాలి, మోగిన తరువాత చేతులు మాత్రమే పనిచేయాలి. ఈ వ్యాసం ఎయిర్‌లైన్ శిక్షణలో ఉన్నవారినీ, కొత్తగా కో-పైలట్ సీటులో కూర్చున్నవారినీ దృష్టిలో పెట్టుకొని రాసినది. విమానం రకాన్ని బట్టీ, సంస్థ నియమావళిని బట్టీ వివరాలు మారతాయి కనుక, ఇక్కడ చెప్పినదానికీ మీ మాన్యువల్‌కూ తేడా కనిపిస్తే మాన్యువల్‌నే పాటించాలి.

ఆ గొంతు దేన్ని చూసి మాట్లాడుతుంది

1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి దిగుతున్న టీడబ్ల్యూఏ 514 విమానం వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొనడంతో 92 మంది మరణించారు. ఆ ప్రమాదం తరువాతే అమెరికా పెద్ద ప్రయాణికుల విమానాలలో గ్రౌండ్ ప్రాక్సిమిటీ వార్నింగ్ సిస్టమ్‌ను, అంటే జీపీడబ్ల్యూఎస్‌ను, తప్పనిసరి చేసింది. కెనడాలో పుట్టిన ఇంజనీరు డాన్ బేట్‌మన్ రూపొందించిన ఆ పరికరం ప్రధానంగా రేడియో ఆల్టిమీటర్ మీద ఆధారపడింది. రేడియో ఆల్టిమీటర్ విమానం అడుగుభాగం నుంచి నేలకు తరంగాలను పంపి, సుమారు 2,500 అడుగుల లోపు ఎత్తును కొలుస్తుంది. అది చూసేది తిన్నగా కిందికే కాబట్టి, ఎదురుగా నిటారుగా లేచిన కొండ గురించి పాత పరికరం చెప్పేసరికి తరచూ ఆలస్యమయ్యేది. కాలి నగరం దగ్గర జరిగింది అదే.

1990ల రెండో సగంలో వాడుకలోకి వచ్చిన ఈజీపీడబ్ల్యూఎస్, అంటే మెరుగుపరచిన జీపీడబ్ల్యూఎస్, ఆ లోటును చాలావరకు పూరించింది. ప్రపంచ భూతలపు ఎత్తుపల్లాల డేటాబేస్‌ను దగ్గర పెట్టుకొని, జీపీఎస్ చెప్పే స్థానంతో పోల్చి, విమానం వెళ్తున్న దారిలో ముందున్న నేలను అది లెక్కగడుతుంది. ఢీకొనే ప్రమాదానికి సుమారు 60 సెకన్ల ముందు ‘కాషన్ టెరైన్’ అనీ, సుమారు 30 సెకన్ల ముందు ‘టెరైన్, పుల్ అప్’ అనీ హెచ్చరిస్తుంది. ముప్పై సెకన్లు వినడానికి ఎక్కువగానే అనిపిస్తాయి గాని, 140 నాట్ల వేగంతో దిగుతున్న విమానం ఆ వ్యవధిలో రెండు కిలోమీటర్లకు పైగా ముందుకు పోతుంది.

అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగే దశలో, ఉన్న పైలట్ మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. ల్యాండింగ్ గేర్ (చక్రాలు) దించి, ఫ్లాప్స్‌ను (రెక్కల వెనుక అంచున దిగే పలకలను) ల్యాండింగ్ స్థితికి తెచ్చిన విమానం నేలకు దగ్గరవడం సహజమే కనుక, పాత జీపీడబ్ల్యూఎస్ ఆ స్థితిలో చాలా హెచ్చరికలను తగ్గించుకునేది. పద్ధతిగా, నిదానంగా, రన్‌వేకు చాలా ముందే నేలమీదికి దిగిపోతున్న విమానాన్ని అది ఆపలేకపోయేది. రన్‌వే చుట్టూ ఇంత దూరంలో కనీసం ఇంత ఎత్తు ఉండాలన్న లెక్కను కొత్త వ్యవస్థలో చేర్చింది ఈ కారణంగానే. రన్‌వేకు ఇంకా దూరంగా ఉండగా ఆ ఎత్తు కంటే కిందికి దిగితే, గేర్, ఫ్లాప్స్ అన్నీ సరిగ్గా ఉన్నా ‘టూ లో, టెరైన్’ అని వినిపిస్తుంది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి కదా అనిపించే వేళ మోగుతుంది కాబట్టి దీన్ని తోసిపుచ్చాలన్న కోరిక కలగడం సహజం. ఆ కోరికకు లొంగకూడదు.

మెత్తని హెచ్చరికలను తేలిగ్గా తీసుకోవద్దు

హెచ్చరికలు రెండు స్థాయిలలో వస్తాయి. మొదటిది కాషన్. అది వినగానే విమానపు దారినో, వేగాన్నో, గేర్-ఫ్లాప్స్ స్థితినో వెంటనే సరిదిద్దాలి. రెండవది వార్నింగ్. అది వినగానే తప్పించుకునే చర్య మొదలుపెట్టాలి. రెండింటి మధ్య తేడా అందరికీ తెలిసిందే అయినా, ఆచరణలో పైలట్లు జారిపోయేది మొదటి మెట్టు దగ్గరే.

‘సింక్ రేట్’ అంటే ఉన్న ఎత్తుకు మించిన వేగంతో దిగుతున్నారని అర్థం. మామూలు మూడు డిగ్రీల వాలులో భూవేగాన్ని 5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో సుమారుగా తెలుస్తుంది. 140 నాట్లకు అది 700 అడుగులు. నిమిషానికి 1,000 అడుగులు దాటిందంటే అప్రోచ్ స్థిరంగా లేనట్టే. ముందే చర్చించుకున్న ప్రత్యేక కారణం ఏదైనా ఉంటే తప్ప దీనికి మినహాయింపు లేదు. మేఘాలలో ఉన్నప్పుడు రన్‌వే ఎత్తుకు 1,000 అడుగుల పైన, బయట స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు 500 అడుగుల పైన విమానం స్థిరపడి ఉండాలన్నది విస్తృతంగా పాటించే నియమం. ఆ ఎత్తు దాటిన తరువాత ‘సింక్ రేట్’ వినిపిస్తే దిగే వేగాన్ని అప్పటికప్పుడు సర్దుకొని ముందుకు పోవడం కంటే గో అరౌండ్ చేయడమే (దిగడం మాని మళ్ళీ పైకెక్కడమే) మంచిదని నా అభిప్రాయం. ఒక్కసారి సర్దుకోవచ్చని చాలా మాన్యువల్స్ అనుమతిస్తాయన్నది నిజమే. కానీ ఆ ఎత్తులో ఆ మాట వినవలసి వచ్చిందంటే, అంతకుముందు ఒకటి రెండు సంగతులు ఎవరి కంటా పడకుండా జారిపోయాయని అర్థం.

‘గ్లైడ్‌స్లోప్’ వినిపిస్తే, రేడియో సంకేతాలతో రన్‌వేకు దారి చూపే ఐఎల్ఎస్ వాలు కంటే కిందికి జారారని తెలుసుకొని, తిరిగి వాలులోకి చేరాలి, లేదా వదిలి పైకెళ్లాలి. ‘టూ లో, గేర్’, ‘టూ లో, ఫ్లాప్స్’ వినిపించినప్పుడు లీవర్ వైపు చేయి చాచి అప్పటికప్పుడు దించేయాలనిపిస్తుంది. అంత తక్కువ ఎత్తులో గేర్ పూర్తిగా దిగి, తాళం పడి, చెక్‌లిస్టు పూర్తయ్యేసరికి రన్‌వే ముందుకొచ్చేస్తుంది. కాబట్టి అక్కడా గో అరౌండ్ చేయడమే ఉత్తమం. ఫ్లాప్స్‌లో లోపం వల్ల తక్కువ ఫ్లాప్స్‌తో దిగాలని ముందే నిర్ణయించుకున్న సందర్భంలో మాత్రం చెక్‌లిస్టు ప్రకారం ఆ హెచ్చరికను ముందుగానే ఆపి ఉంచుతారు. ‘కాషన్ టెరైన్’ వినిపిస్తే దిగడం ఆపి, అవసరమైతే పైకెక్కి, ఆ తరువాతే కారణం వెతకాలి.

2007 మార్చి 7న ఇండోనేసియాలోని యోగ్యకర్తాలో గరుడ 200 విమానం దిగేటప్పుడు ఇలాంటి హెచ్చరికలు 15 సార్లు మోగాయి. వేగం చాలా ఎక్కువగా ఉంది, ఫ్లాప్స్ చాలినంత దిగలేదు, కో-పైలట్ గో అరౌండ్ చేయమన్నాడు. ఎలాగైనా దించాలన్న ఒక్క ఆలోచనలో మునిగిపోయిన కెప్టెన్‌కు అవేవీ చెవికెక్కలేదు. విమానం రన్‌వే దాటి దూసుకుపోయి తగలబడింది, 21 మంది మరణించారు. మనసు ఒకే పని మీద బిగుసుకుపోయినప్పుడు ముందుగా మూసుకుపోయేది చెవే. అందువల్ల హెచ్చరిక మోగిన ప్రతిసారీ దాన్ని పైకి పలకడం మంచి అలవాటు. ‘సింక్ రేట్, సరిచేస్తున్నా’ అని విమానం నడుపుతున్న పైలట్ నోటితో అన్నప్పుడే, తాను విన్నాడో లేదో పక్క సీటులోని మనిషికి తెలుస్తుంది.

‘పుల్ అప్’: చేతులు చేయవలసిన పని

రాత్రి వేళ గాని, మేఘాలలో గాని ‘పుల్ అప్’ మోగితే అది నిజమా అబద్ధమా అన్న చర్చకు తావు లేదు. విమానం నడుపుతున్న పైలట్ ఆటోపైలట్‌ను, ఆటోథ్రాటిల్‌ను తొలగించి, థ్రస్ట్ లీవర్లను గట్టిగా గరిష్ఠ శక్తికి తోసి, అదే సమయంలో రెక్కలను సమం చేస్తూ ముక్కును పైకెత్తాలి. బోయింగ్ విమానాలలో మొదటి లక్ష్యం 20 డిగ్రీలు. నేల ముప్పు ఇంకా తొలగకపోతే స్టిక్ షేకర్ (స్టాల్, అంటే రెక్కలు మోసే బలం కోల్పోయే స్థితి, దగ్గరపడిందని హెచ్చరించే పరికరం) వణికే అంచు దాకా ముక్కును ఇంకా ఎత్తాలి. రక్షణ వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్న ఎయిర్‌బస్ ఫ్లై-బై-వైర్ (కంప్యూటర్ల ద్వారా నడిపే) విమానాలలో ‘పుల్ అప్, టోగా’ (టోగా అంటే పూర్తి శక్తి) అని పలికి, సైడ్‌స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి అలాగే పట్టి ఉంచాలి. స్టాల్ కాకుండా చూసే పని కంప్యూటర్‌దే. ఆ తరువాత చేయి స్పీడ్ బ్రేక్ లీవర్ మీదికి పోవాలి. కొన్ని విమానాలలో పూర్తి శక్తి ఇవ్వగానే స్పీడ్ బ్రేకులు వాటంతట అవే మూసుకుంటాయి, కొన్నింటిలో మూసుకోవు. ఏ విమానమైనా సరే, లీవర్‌ను చేత్తో తాకి చూసుకోవడం తప్పనిసరి.

ఇక్కడ శిక్షణార్థులు ఎక్కువగా తడబడేది గో అరౌండ్ అలవాటు వల్ల. గో అరౌండ్‌లో సుమారు 15 డిగ్రీల దగ్గర ముక్కును నిలిపి, ఫ్లాప్స్ ఒక మెట్టు తగ్గించి, ఎక్కుతున్నామని తేలగానే గేర్ ఎత్తుతారు. వందల సార్లు సాధన చేసిన ఆ వరుస ‘పుల్ అప్’ వినగానే చేతులకు దానంతట అదే వచ్చేస్తుంది. తప్పించుకునే చర్యలో అలా చేయకూడదు. ఫ్లాప్స్ తగ్గిస్తే రెక్కలు మోసే బలం తగ్గుతుంది. గేర్ ఎత్తేటప్పుడు దాని తలుపులు తెరుచుకొని గాలి నిరోధం ఆ కొద్ది సెకన్లు ఇంకా పెరుగుతుంది. అందువల్ల నేల నుంచి సురక్షితమైన ఎడం ఏర్పడిందని రూఢి అయ్యేదాకా గేర్, ఫ్లాప్స్ ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. విమానాన్ని ఎటు నడపాలో తెర మీద చూపే ఫ్లైట్ డైరెక్టర్ గీతలను కూడా ఆ సమయంలో పట్టించుకోకూడదు. ముందున్న కొండ సంగతి వాటికి తెలియదు, అవి ఇంకా పాత దారినే చూపిస్తూ ఉండవచ్చు.

స్టిక్ షేకర్ సంగతి మరికొంత చెప్పుకోవాలి. మిగతా శిక్షణ అంతా అది వణకగానే ముక్కు దించమని నేర్పుతుంది. ఇక్కడ మాత్రం ఆ వణుకు ఆగి ఆగి వినిపించే అంచునే పట్టుకొని ఎక్కాలి. వేగం పడిపోతూ కనిపిస్తుంది, విమానం ముక్కు ఎన్నడూ చూడనంత ఎత్తులో ఉంటుంది, లోపలి మనసు ‘చాలు, దించు’ అంటూ ఉంటుంది. సిమ్యులేటర్‌లో ఒకసారి చేసి మార్కు వేయించుకుంటే ఈ భయం పోదు. భారీ బరువుతో, చీకటిలో, మలుపు మధ్యలో, ముందుగా చెప్పకుండా మోగించిన హెచ్చరికలతో సాధన చేసినప్పుడే చెయ్యి సడలకుండా ఉంటుంది.

పక్కకు మలుపు తిరిగి తప్పించుకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. రెక్క వాలినకొద్దీ ఎక్కే శక్తి తగ్గుతుంది. పైగా చీకటిలో ఏ పక్కన ఏముందో తెలియదు. కాబట్టి మొదటి మార్గం మలుపు లేకుండా తిన్నగా ఎక్కడమే. మలుపు తిరగడమే సురక్షితమని పైలట్‌కు ఖచ్చితమైన ఆధారం ఉన్నప్పుడు మాత్రం ఎక్కుతూనే తిరగవచ్చు.

పక్క సీటులోని పైలట్ కేవలం సాక్షిగా ఉండకూడదు. శక్తి పూర్తిగా అందిందో లేదో చూడాలి, స్పీడ్ బ్రేకుల వంటివి మరిచిపోతే వెంటనే చెప్పాలి, రేడియో ఆల్టిమీటర్ చూస్తూ అంకెలను పైకి చదవాలి: ‘900, తగ్గుతోంది… 600, తగ్గుతోంది… 650, పెరుగుతోంది.’ ముక్కును ఇంకా ఎత్తాలా, అక్కడే నిలపాలా అన్నది నడుపుతున్న పైలట్‌కు తెలిసేది ఆ మాటలతోనే. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే బేరోమెట్రిక్ ఆల్టిమీటర్ అంకెలు పెరుగుతూ ఉన్నా నేల అంతకంటే వేగంగా లేస్తూ ఉండవచ్చు కనుక ఒక్క దాన్నే నమ్ముకోకూడదు. హెచ్చరిక మోగినా కెప్టెన్ కదలకపోతే, కో-పైలట్ తన సంస్థ నియమావళి ప్రకారం కంట్రోల్స్ అందుకోవాలి. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం దిగుతుండగా హెచ్చరికలు మోగాయి, గో అరౌండ్ చేయమని కో-పైలట్ పలుమార్లు అన్నాడు. ఆ మాట మాటగానే మిగిలిపోయింది, 158 మంది మరణించారు.

పట్టపగలు, స్పష్టమైన వాతావరణంలో, కింద ఉన్న నేల, అడ్డంకులు అన్నీ కంటికి తేటగా కనిపిస్తూ, ప్రమాదం లేదని తిరుగులేకుండా తెలిసినప్పుడు ఆ హెచ్చరికను కాషన్‌గా పరిగణించవచ్చని తయారీదారులు ఒక మినహాయింపు ఇస్తారు. ఈ మినహాయింపును చాలా పిసినారితనంగా వాడాలి. సగం మేఘం, సగం పొగమంచు ఉన్న చోట ‘కనిపిస్తోంది’ అనుకోవడం కనిపించడం కాదు.

అబద్ధపు హెచ్చరిక, అసలు మోగని హెచ్చరిక

ఇటీవలి కాలంలో జీపీఎస్ సంకేతాలను చెడగొట్టడం, తప్పుడు సంకేతాలను పంపడం పెరిగిన ప్రాంతాలలో, విమానం ఎక్కడో ఉన్నట్టు భ్రమపడి ఈజీపీడబ్ల్యూఎస్ అకారణంగా అరిచిన సందర్భాలు ఉన్నాయి. రేడియో ఆల్టిమీటర్ వాడే 4.2-4.4 గిగాహెర్ట్జ్ పట్టీకి పొరుగున ఉన్న 5జీ తరంగాల గురించి కూడా ఆందోళన వ్యక్తమయింది. వీటివల్ల జరిగే అసలు నష్టం, పైలట్లకు ఆ గొంతు మీద నమ్మకం సడలడం. జీపీఎస్ దెబ్బతిన్న ప్రాంతం గుండా వచ్చిన విమానం అప్రోచ్ మొదలుపెట్టే ముందే స్థానం సరిగ్గా చూపుతోందో లేదో నావిగేషన్ సాధనాలతో సరిచూసుకోవాలి. కొత్త వ్యవస్థ పనితీరు మీద అనుమానం ఉంటే మాన్యువల్ చెప్పిన చర్య ఏదో అప్పుడే, పైన ఉండగానే తీసుకోవాలి. హెచ్చరిక మోగిన తరువాత ఆ నిర్ణయం తీసుకునే ప్రయత్నం చేయకూడదు.

2012 మే 9న ఇండోనేసియాలోని సలాక్ పర్వతం దగ్గర ప్రదర్శన యాత్రలో ఉన్న సుఖోయ్ సూపర్‌జెట్‌లో హెచ్చరిక మోగినప్పుడు, డేటాబేస్‌లో ఏదో లోపం ఉందనుకొని ఆ వ్యవస్థనే ఆపేశారు. మొదటి హెచ్చరిక నుంచి ఢీకొనేదాకా 38 సెకన్లు గడిచాయి. మొదటి 24 సెకన్లలోగా స్పందించి ఉంటే బయటపడేవారని దర్యాప్తు తేల్చింది. అందులోని 45 మందీ మరణించారు. హెచ్చరిక నిజమై ఉండి పట్టించుకోకపోతే పోయేది ప్రాణాలు, అబద్ధమై ఉండి స్పందిస్తే పోయేది కొంత ఇంధనం, కొన్ని నిమిషాలు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2022 మే 23న పారిస్‌లోని చార్ల్స్ డి గాల్ విమానాశ్రయానికి దిగుతున్న ఒక ఎయిర్‌బస్ ఏ320కు కంట్రోలర్ ఆల్టిమీటర్‌లో పెట్టుకోవలసిన గాలి పీడనం 1001కి బదులు 1011 హెక్టోపాస్కల్స్ అని చెప్పారు. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 28 అడుగుల చొప్పున, విమానం తానున్నాననుకున్న ఎత్తు కంటే సుమారు 280 అడుగులు కింద ఎగిరింది. రన్‌వేకు ముందే నేలకు కొద్ది అడుగుల ఎత్తుకు దిగివచ్చినా కాక్‌పిట్‌లోని భూసామీప్య హెచ్చరిక మోగలేదు. వ్యవస్థ మౌనంగా ఉందంటే అంతా క్షేమమేనని అనుకోవడానికి లేదు.

అందుకే అప్రోచ్ బ్రీఫింగ్‌లో కనీస సురక్షిత ఎత్తులు, చుట్టూ ఉన్న అతి ఎత్తైన కొండ ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉందన్నది, తప్పించుకోవలసి వస్తే ఏ పక్కకు ఎక్కాలన్నది చెప్పుకోవాలి. కొండలున్న చోట ఒక పైలట్ తెర మీద టెరైన్ చిత్రం ఉండాలి. కంట్రోలర్ చెప్పిన పీడనాన్ని వాతావరణ నివేదికతో పోల్చాలి, ఒకేసారి పది హెక్టోపాస్కల్స్ తేడా వస్తే మళ్ళీ అడగాలి. గడ్డకట్టే చలిలో ఆల్టిమీటర్ అసలు ఎత్తు కంటే ఎక్కువ చూపుతుంది కనుక చార్టులోని ఎత్తులకు దిద్దుబాటు చేయాలి. ఇంకొక చిన్న అలవాటు చాలా ఉపయోగపడుతుంది: రేడియో ఆల్టిమీటర్ 2,500 అడుగుల దగ్గర ఎక్కడ మేల్కొనాలో ముందే అనుకొని ఉంచుకోవడం. అనుకున్న చోటికంటే ముందే అది అంకెలు చూపడం మొదలుపెడితే, వ్యవస్థ ఇంకా నోరు విప్పకముందే నేల మీకు ఆ కబురు చెప్పినట్టే.

తప్పించుకున్న తరువాత

హెచ్చరిక ఆగి, రేడియో ఆల్టిమీటర్ అంకెలు నిలకడగా పెరుగుతూ, దారి సురక్షితమని తేలాకే ముక్కును మెల్లగా దించి వేగం పుంజుకోవాలి. హెచ్చరిక ఆగిన క్షణంలోనే చటుక్కున దించితే వెనుక ఉన్న రెండో శిఖరం ఎదురవవచ్చు. తగిన వేగం వచ్చి, విమానం ఎక్కుతోందని రూఢి అయ్యాక గేర్, ఫ్లాప్స్ సంగతి చూసుకొని, కనీస సురక్షిత ఎత్తు దాటేదాకా ఎక్కాలి. కంట్రోలర్‌తో మాట్లాడటం ఈ వరుసలో చివర వస్తుంది. టెరైన్ హెచ్చరిక వల్ల ఎక్కుతున్నామని ఒక్క ముక్కలో చెబితే చాలు, అనుమతి అడగనక్కరలేదు.

ఆ తరువాత కారణం తెలియకుండా అదే అప్రోచ్‌ను మళ్ళీ మొదలుపెట్టకూడదు. హోల్డింగ్‌లో (ఒకే చోట చుట్లు తిరుగుతూ) ఉండి పీడనం, స్థానం, నావిగేషన్ సాధనాలు, ఇచ్చిన దిశ, ఎత్తు అన్నీ ఒక్కొక్కటిగా ఇద్దరూ సరిచూసుకోవాలి. సమాధానం దొరకకపోతే, ఇంధనం ఉన్నంతలో వేరే విమానాశ్రయానికి వెళ్లడం మేలు. దిగాక టెక్ లాగ్‌లో (విమానపు సాంకేతిక నమోదు పుస్తకంలో) హెచ్చరిక ఏ మాటతో వచ్చింది, విమానం ఎక్కడ ఉంది, ఎంత ఎత్తులో, ఏ వేగంతో, గేర్, ఫ్లాప్స్ ఏ స్థితిలో ఉన్నాయి అన్నవి మరపున పడకముందే రాసి, సంస్థ భద్రతా విభాగానికి నివేదిక పంపాలి. అబద్ధపు హెచ్చరిక అనిపించినా పంపవలసిందే. అదే చోట మరో రెండు విమానాలకు మోగిందో లేదో వారికే తెలుస్తుంది.